మీ ఊరు ఎన్నిసార్లు మారింది? చిన్ కొండల ఊళ్ల గురించి ఒక ప్రసంగం

(ఒక ఆదివారం సాయంత్రం మా గ్రంథాలయంలో జరిగిన ప్రసంగమిది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? ఆ ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉంది, ఆపేద్దామా? వద్దులెండి, ఈ ఉక్కలో ఫ్యాన్ ఆపితే నా మాట ఎవరు వింటారు.

కార్యదర్శిగారు ఫోన్ చేసి, ఊళ్ల చరిత్ర మీద ఒక గంట మాట్లాడండి అన్నారు. మన ఊళ్ల గురించి అని ఆయన ఉద్దేశం, అది నాకు తెలుసు. నేనేమో బర్మాలోని చిన్ కొండల ఊళ్ల గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "దానికి ఎవరొస్తారండీ?" అన్నారు. ఇదిగో, ఇంతమంది వచ్చారు. ఆయనే ఇంకా రాలేదు.

నాకు ఆ కొండలతో ఏం పని అంటారా? ఉద్యోగం. మిజోరాంలో ఆరేళ్లు పనిచేశాను. అందులో రెండేళ్లు చంఫాయ్‌లో. బర్మా సరిహద్దుకు దగ్గర పట్నం అది. నేను అద్దెకున్న ఇంటి కింద ఒక టీ కొట్టు ఉండేది. పాలు పోయరు, నల్ల టీయే. అక్కడికి రోజూ ఒక పెద్దాయన వచ్చేవారు. సరిహద్దు అవతలి మనిషి, ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు. ఆయనకు హిందీ అంతంత మాత్రం. నాకు మిజో అంతకంటే తక్కువ. ఒకరోజు నన్ను అడిగారు: "మీ ఊరు ఎన్నిసార్లు మారింది?"

నేను ట్రాన్స్‌ఫర్ల సంగతి అనుకున్నాను. "నాలుగుసార్లు" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "మాదీ నాలుగే!" అన్నారు. పావుగంట మాట్లాడుకున్నాక నాకు తెలిసొచ్చింది, ఆయన నా గురించి అడగలేదు. మా ఊరి గురించి అడిగారు. ఊరు, ఊరుగా, ఎన్నిసార్లు లేచి ఇంకోచోట కూర్చుంది అని.

మన లెక్కలో ఊరు కదలదు కదా? మనమే ఊళ్లు మారతాం. వాళ్ల లెక్కలో ఊరే మారుతుంది. ఈ ఒక్క ముక్క నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. మీకు గంటలో చెప్పాలని చూస్తున్నాను.

ముందు ఆ చోటు ఎక్కడో చెప్తాను. మిజోరాం పటం గుర్తు తెచ్చుకోండి. దానికి తూర్పున గీత దాటగానే చిన్ రాష్ట్రం, బర్మాలో పడమటి అంచు. పైన మణిపుర్. కింద రఖైన్, మనవాళ్లు వెనకటికి అరకాన్ అనేవారే, అది. పడమట కింది కొసన బంగ్లాదేశ్ తగులుతుంది. తూర్పున కొండలు దిగితే కలే, కబా లోయలు, అవి దాటితే చింద్విన్ నది. సుమారు 36,000 చదరపు కిలోమీటర్ల నేల. 2014 జనాభా లెక్కల్లో అక్కడున్నది 4,78,801 మంది. మన వరంగల్ నగరంలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. చదునుగా ఉన్న చోటు వెతికినా దొరకదు. దక్షిణాన విక్టోరియా శిఖరం 3,053 మీటర్లు.

"చిన్" అనే పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు, బర్మావాళ్లు పిలిచే పేరు. బర్మాను ఏలిన పాత పగాన్ రాజుల కాలపు శాసనాల్లో "ఖ్యాంగ్" అని కనిపించేది ఇదే మాటకు పాత రూపం. వాళ్లను అడిగితే మేం జో అంటారు, లాయ్ అంటారు, షో అంటారు, ఖుమి అంటారు. బర్మా ప్రభుత్వ లెక్కలో చిన్ కింద 53 తెగలు. ఒక కొండవాళ్ల మాట ఎదుటి కొండవాళ్లకు అర్థం కాకపోవచ్చు. కాబట్టి నేను "చిన్‌వాళ్లు ఇలా చేస్తారు" అన్నప్పుడల్లా మీరు మనసులో "కొందరు" అని చేర్చుకోండి. ప్రతిసారీ నేను అంటుంటే ప్రసంగం సాగదు.

ఇంకొకటి. చిన్ అనగానే అందరూ ఆ కొండల్లో దక్షిణం వైపు ఆడవాళ్ల ముఖాల మీది పచ్చబొట్ల ఫోటోలు చూపిస్తారు. నేను వాటి జోలికి పోను. ఆ ముసలమ్మలను ఫోటోలు తీసినవాళ్లు చాలామందే ఉన్నారు. మీది ఏ ఊరమ్మా అని అడిగినవాళ్లే తక్కువ.

సరే, ఊరు. వాళ్ల భాషల్లో ఊరిని "ఖువా" అంటారు. మిజోలో మాట ముందు చేరితే "ఖా" అవుతుంది. జోఖాథర్ అని సరిహద్దులో ఒక ఊరుంది. థర్ అంటే కొత్త. అంటే ఏమిటి? జోవాళ్ల కొత్తూరు! మనకు జిల్లాకు ఎన్ని కొత్తూళ్లు ఉన్నాయో లెక్కేయండి. వాగు మీద వంతెన దాటితే అవతల బర్మాలో ఖామావి. మావి అంటే అందం. చిన్ కొండల్లో ఉత్తరాన టెడిమ్ అనే పట్నం ఉంది, దాని దగ్గర ఖువాసాక్ అని ఇంకో ఊరు. ఎగువ ఊరు, మన మాటలో మీదిపల్లె.

ఈ ఖువా అనే మాట గమ్మత్తైనది. ఊరూ అదే, వాతావరణమూ అదే. చిన్ రాష్ట్ర రాజధాని హాఖా వైపు చలేస్తోంది అనాలంటే "ఖువా చల్లబడింది" అన్నట్టే అంటారు. వాళ్ల పాత మతంలో పైనున్న దేవుడు ఖువాజింగ్. ఊరిని కాచే శక్తి ఖువాహ్రుమ్. ఊరు, గాలీవానా, దేవుడు, అన్నిటిలోనూ అదే మాట. ఇళ్ల గుంపును మాత్రమే ఊరు అనుకునేవాళ్లకు ఇలాంటి మాట పుడుతుందా?

ఇక పుట్టుక కథ. ఎక్కడ నుంచి వచ్చారు అంటే, చాలామంది చెప్పేది బండ కింది బిలంలోంచి వచ్చామని. లాయ్‌వాళ్లు చిన్‌లుంగ్ అంటారు, మిజోలు ఛిన్‌లుంగ్ అంటారు. లుంగ్ అంటే రాయి. టెడిమ్ వైపువాళ్లు మాత్రం బిలం దగ్గర ఆగరు. మా తొలి ఊరు చీమ్‌నువాయ్ అని చెప్తారు. సాయ్‌జాంగ్ అనే ఊరి దగ్గర ఆ స్థలం చూపిస్తారు కూడా. అక్కడినుంచే ఒక్కో వంశం ఒక్కో దిక్కుకు పోయిందట.

బిలం కథకు పక్కనే ఇంకో జ్ఞాపకం ఉంది. ఒకప్పుడు కింద చింద్విన్ వైపు మైదానంలో ఉండేవాళ్లమని. కలేలో షాన్ జాతి దొర కోట కట్టిస్తూ వెట్టికి పట్టుకుపోయాడని. ఆ పనిలో తెగిపడ్డ వేళ్లే ఒక బుట్ట నిండాయని చెప్తారు. వినండి, ఎంతమంది చచ్చారని చెప్పరు, ఎన్నేళ్లు చేశారని చెప్పరు. బుట్టెడు వేళ్లు. పుస్తకం లేనివాళ్లు చరిత్రను అలా దాచుకుంటారు. ఆ వెట్టి భరించలేక కొండలెక్కారట. మిజోల కథలో ఇంకో ముక్క ఉంది. వెళ్లిపోయే ముందు ఖంపాట్ అనే చోట ఒక మర్రిమొక్క నాటి, దీని కొమ్మలు నేలకు తగిలిన నాడు తిరిగి వస్తామని మాటిచ్చారట.

ఇందులో ఎంత జరిగింది, ఎంత అల్లింది అని నన్ను అడగకండి. వాళ్ల మాటలు టిబెటో బర్మన్ కుటుంబానికి చెందినవి. తూర్పు నుంచి పడమరకు, లోయల నుంచి కొండలకు జరిగారనే మాటతో పండితులకు పెద్ద పేచీ లేదు. ఆపైన ఎవరి కథ వాళ్లది.

మరి కొండెక్కాక ఊరు ఎలా పుడుతుంది? ఇది కాస్త నెమ్మదిగా చెప్తాను, నాకు ఇష్టమైన భాగం ఇదే.

ముందు నీళ్లు చూడాలి. ఊరు కొండ భుజం మీద ఉంటుంది. శిఖరం మీద గాలి, లోయలో జ్వరం, శత్రువు వచ్చినా లోయలో కనపడడు. మరి భుజం మీద నీళ్లెక్కడివి? ఊరికి పైన ఊట ఉండాలి. అక్కడినుంచి చీల్చిన వెదుళ్లు ఒకదాని కొసలో ఒకటి పెట్టి, కింద కొయ్య ఆసరాలు పాతి, నీళ్లను ఊళ్లోకి దించుతారు. ఒకచోట నేను దగ్గరగా చూశాను. వెదురు లోపలి కణుపులు ఉలితో తీసేసి ఉన్నాయి. ఒక అతుకు దగ్గర నీళ్లు కారుతుంటే అరటి దొప్ప చుట్టి పీచుతో కట్టారు. ఒక పిల్లవాడి పనల్లా రోజూ పొద్దున ఆ వరస వెంట నడిచి, పడ్డ ఆకులు ఏరేయడం. పైనుంచి కిందికి అరగంట నడక. మన పల్లెల్లో వాటర్‌మన్ అంటామే, ఆ ఉద్యోగం. జీతం మాత్రం లేదు.

చోటు బాగుందని మనుషులు అనుకుంటే చాలదు. పక్కన లుషాయ్ కొండల్లో, అంటే ఇప్పటి మిజోరాంలో, ఒక పద్ధతి ఉండేది. కొత్త చోటికి కొందరు పెద్దలు వెళ్లి రాత్రి అక్కడే పడుకుంటారు. ఒక కోడిపుంజును కూడా తీసుకెళ్తారు. తెల్లారడానికి ముందు పుంజు గట్టిగా కూసిందా, చోటు మంచిది. కూయలేదా, వేరే చోటు వెతుక్కోవాలి. పెద్దాయనను అడిగాను, ఎప్పుడైనా పుంజు కూయకుండా ఉంటుందా అని. ఆయన నవ్వి, "చోటు నచ్చకపోతే ముసలి పుంజును పట్టుకెళ్తారు" అన్నారు.

తర్వాత అసలు సంగతి. ఆ నేలకు అప్పటికే ఒక యజమాని ఉంటాడు. మనిషి కాదు. ఆ బండకో, ఆ చెట్టుకో, ఆ ఊటకో చెందిన శక్తి. మొదట అడవి కొట్టినవాడు ఆ శక్తితో ఒప్పందం చేసుకోవాలి. బలి ఇవ్వాలి. ఊరి మధ్యలో "తువాల్" అనే ఖాళీ స్థలం ఉంటుంది. ఊరుమ్మడి బలి అక్కడే. ఆ బలిలో పాలుపంచుకుంటేనే ఆ ఊరివాడు. ఒప్పందం చేసుకున్న వంశానికే నేల మీద పెత్తనం. తర్వాత వచ్చినవాళ్లు వాళ్లను అడిగి పొలం చేసుకోవాలి. పంటలో కొంత ఇవ్వాలి, వేటాడితే జంతువులో ఒక కాలు పంపాలి.

ఇది వింటుంటే మీకు ఏదీ గుర్తు రాలేదా? అక్కడ ముందు వరసలో ఒకరు అన్నారు, గట్టిగా చెప్పండి... అవును, బొడ్రాయి! మన దగ్గర ఊరు పుట్టినప్పుడు మధ్యలో బొడ్రాయి నిలబెడతాం. ఏళ్ల తర్వాత మళ్లీ ప్రతిష్ఠ చేస్తే పొలిమేర కట్టేస్తాం. ఆ పండక్కి ఆడపడుచులంతా పుట్టింటి ఊరికి రావాల్సిందే. రెండూ ఒకటేనని నేను అనను. మన బొడ్రాయి ఒకసారి పాతితే అక్కడే ఉంటుంది. వాళ్ల ఊరు కదిలితే కొత్త నేలతో కొత్త ఒప్పందం రాసుకోవాలి, అంతా మొదటినుంచి.

కదలడం అన్నానని రోజూ మూటాముల్లె సర్దుకునేవాళ్లని అనుకోకండి. లుషాయ్‌వాళ్లు నాలుగైదేళ్లకే ఊరు ఎత్తేసేవాళ్లు. చిన్ కొండల నడిభాగంలో, హాఖా, ఫలామ్ వైపు, ఊళ్లు తరతరాలు ఒకేచోట ఉండేవి. ఎందుకు? వాళ్లు చేసేది పోడే. కానీ ఆ పోడుకు ఒక లెక్క ఉంది. ఊరి నేలను పెద్ద పెద్ద ముక్కలు చేసుకుంటారు. ఒక్కో ముక్కను "లోపిల్" అంటారు. ఊరంతా ఈ కొన్నేళ్లు ఈ ముక్కలో సాగు చేస్తుంది, తర్వాత ఊరంతా ఇంకో ముక్కకు. వదిలిన చోట అడవి మళ్లీ లేస్తుంది. ఎవరికి వాళ్లు ఇష్టమొచ్చిన చోట నరుక్కోవడం కుదరదు. కంచె ఒకటే, కాపలా ఒకటే. పోడంటే అడవిని పాడుచేయడమే అని మన ఆఫీసర్లు ఇప్పటికీ అంటారు కదా, వాళ్లకు ఈ లెక్క ఎవరైనా చెప్తే బాగుండు.

ఆస్తి అంటే అక్కడ భూమి కంటే మిథున్. ఎద్దుకూ అడవిదున్నకూ మధ్యరకం జంతువు. నాగలికి కట్టరు, పాలు పితకరు. పగలంతా అడవిలో తిరుగుతుంది. యజమాని అడవి అంచున నిలబడి పిలుస్తాడు. ఆ గొంతు గుర్తుపట్టి వస్తుంది, అరచేతిలో ఉప్పు నాకి మళ్లీ వెళ్లిపోతుంది. దాని పని ఒక్కటే, విందులో బలి కావడం. డబ్బున్నవాడు మిథున్లు కోసి ఊరంతటికీ విందు పెట్టాలి. ఒకటి కాదు, ఒకదాని తర్వాత ఒకటి, ఇంకా పెద్దది. అన్నిట్లోకీ పెద్దది ఖువాంగ్‌చోయ్. ఇంటి ముందు మిథున్ పుర్రెలు ఎన్ని వేలాడితే అంత పరువు. పోయాక పేరు మీద రాయి. చిన్ కొండల్లో దారి పక్కన నిలబెట్టిన రాళ్లు చూస్తే అవి శాసనాలే అనుకోవాలి, అక్షరాలు మాత్రం ఉండవు.

ఇంత పద్ధతిగా ఉంటే ఊరు మరి ఎందుకు చీలుతుంది? కారణాలు మనకు తెలిసినవే. అన్నదమ్ములు. కరువు. పగ.

అన్నదమ్ముల సంగతి చూద్దాం. ఉత్తరాన మువాల్‌బెమ్ అనే ఊళ్లో ఖాన్ థువామ్ అనే దొర ఉండేవాడు. సుక్తే వంశం. అతని కొడుకుల్లో జా పావ్ తండ్రి ఊళ్లోనే ఉండిపోయాడు. ఇంకో కొడుకు కామ్ హావ్ కదిలి వెళ్లి టెడిమ్‌లో కూర్చున్నాడు. చివరికి ఎవరి పేరు పెద్దదైంది? వెళ్లినవాడిదే. ఉత్తరాన ఊళ్లకు ఊళ్లు కామ్ హావ్ ఏలుబడి కిందికి వచ్చాయి. బ్రిటిష్‌వాళ్లు ఆ జనాన్నే "కామ్‌హావ్‌లు" అని రాసుకున్నారు. టెడిమ్ పేరుకూ ఒక కథ ఉంది. అక్కడ ఒక మడుగు ఉండేదట, ఎండకు తళతళలాడేదట. ఆ తళుకే ఊరి పేరైందని చెప్తారు.

కరువు అంటే వాళ్లకు వానలు లేకపోవడం కాదు. వెదురు పూయడం. సుమారు 48 ఏళ్లకు ఒకసారి ఒక రకం వెదురంతా ఒకేసారి పూసి, కాసి, చచ్చిపోతుంది. ఆ కాయలు తిని ఎలుకలు లెక్కలేనంతగా పెరుగుతాయి. కాయలు అయిపోగానే పంట మీద పడతాయి. మిజోలు మావ్‌తామ్ అంటారు. 1958లో మిజో కొండల్లో వచ్చింది. మళ్లీ 2006 నుంచి రెండు మూడేళ్లు అటూ ఇటూ వచ్చింది. చిన్ రాష్ట్రంలో పలెట్వా, మటుపి, థాంట్లాంగ్ వైపు ఊళ్లు తిండికి అల్లాడాయి. అలాంటప్పుడు మనుషులు ఇల్లు వదిలి పోతే మళ్లీ అందరూ తిరిగి రారు. ఊరు సన్నబడిపోతుంది.

భయంతో ఊళ్లు చీలడమే కాదు, కలవడమూ ఉంది. మిజోల కథల్లో సెలెసిహ్ సాంగ్ సారిహ్ అని వినపడుతుంది. ఏడు వేల ఇళ్ల సెలెసిహ్ అని అర్థం. తూర్పున ఉన్న లాయ్‌వాళ్ల దాడులకు భయపడి పడమటి దొరలందరూ ఒకేచోట ఊళ్లు కట్టుకున్నారట. ఏడు వేల ఇళ్లు నిజంగా ఉన్నాయా? కొండ మీద అన్ని ఇళ్లకు కట్టెలెక్కడివి, నీళ్లెక్కడివి? నాకైతే నమ్మబుద్ధి కాదు. చెప్పుకునేవాళ్లు కూడా ఆ ఊరు ఎక్కువకాలం నిలవలేదనే చెప్తారు.

దొరలు అంటున్నాను కదా, అంతటా దొరలే అనుకోకండి. హాఖా వైపు దొర మాటకు తిరుగులేదు. దేశమేలేవాడు అనే అర్థంలో "రామ్ ఉక్" అంటారు. ఫలామ్ వైపు త్లాయ్‌సున్‌వాళ్లకు మాత్రం పెద్దల సభ ఉండేది, కూర్చుని తేల్చుకునేవారు. రెండు ఊళ్ల మధ్య రెండు రోజుల నడక, రెండు రకాల రాజ్యాంగం. ఇంకో సంగతీ దాచకూడదు. ఊళ్ల మీద దాడులు ఉండేవి, తలలు తెచ్చేవారు, పట్టుకొచ్చినవాళ్లను బానిసలుగా ఉంచుకునేవారు. అందుకే ఊరి చుట్టూ ముళ్లకంచె, ఒక మనిషి మాత్రమే పట్టే ఇరుకు దారి. చిన్ ఊరు అందమైన బొమ్మేమీ కాదు.

బ్రిటిష్‌వాళ్లు 1885లో మాండలే పట్టుకున్నాక ఈ కొండల మీద కన్నేశారు. 1889-90లో బెంగాల్ వైపు నుంచి ఒక దండు, బర్మా వైపు నుంచి ఒక దండు వచ్చాయి. చిన్-లుషాయ్ దండయాత్ర అంటారు. టెడిమ్ వైపు సియిన్ తెగవాళ్లు గట్టిగా ఎదిరించారు. సైన్యం ఏం చేసింది? ఊళ్లు కాల్చింది. దాచిన ధాన్యం వెతికి మరీ కాల్చింది. చివరికి తుపాకులన్నీ లాక్కున్నారు. 1896లో ఈ కొండల పాలనకు చిన్ హిల్స్ రెగ్యులేషన్ అనే చట్టం వచ్చింది. అదే సంవత్సరం కేరీ, టక్ అనే ఇద్దరు అధికారులు ఈ కొండల మీద రెండు సంపుటాల పుస్తకం అచ్చేశారు. ఇవాళ ఎవరు చిన్ ఊళ్ల మీద రాసినా దాన్ని తిరగేయక తప్పదు. ఊరు కాల్చినవాళ్లే ఊరి చరిత్ర రాశారు, మనం దాన్నే చదువుతున్నాం. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

పన్ను రాగానే ఊరి తీరు మారింది. ఇంటి పన్ను కట్టాలంటే ఇల్లు ఎక్కడుందో తెలియాలి. ఊరు ఎగిరిపోతే రాసుకున్న లెక్క చెడిపోతుంది. సర్కారుకు కదలని ఊరు కావాలి, ఎక్కడైనా అంతే. 1917లో ఫ్రాన్స్‌లో యుద్ధానికి కూలీలను పంపమన్నప్పుడు హాఖా వైపు తిరగబడ్డారు. కొండ దిగి నాలుగు రోజులు ఎరగని ఊరికి పోవడానికే పదిసార్లు ఆలోచించేవాళ్లను సముద్రం దాటమన్నారు మరి!

క్రైస్తవం గురించి రెండు మాటలే చెప్తాను, అది వేరే ప్రసంగం. ఆర్థర్, లారా కార్సన్ అనే అమెరికన్ బాప్టిస్టు దంపతులు 1899లో హాఖా చేరారు. ఇవాళ చిన్ రాష్ట్రంలో ఎక్కువమంది క్రైస్తవులు. తువాల్ మీద బలి పోయింది, చర్చి వచ్చింది. ఉత్తరాన పావ్ చిన్ హావ్ అనే ఆయన కొత్త మతమూ పెట్టాడు, సొంతంగా లిపీ తయారుచేశాడు. 2014 నుంచి ఆ లిపి యూనికోడ్‌లో ఉంది. కొండ మీది మనిషి చేసిన అక్షరాలు ఇవాళ మన ఫోన్లలోకి చేరాయి, చూడండి.

రెండో ప్రపంచయుద్ధంలో ఇంఫాల్ నుంచి టెడిమ్ దాకా సైన్యం 164 మైళ్ల రోడ్డు వేసింది. టెడిమ్ కిందికి వచ్చేసరికి అది మెలికలు మెలికలుగా కొండెక్కుతుంది. వానకు ఎర్రబురదై సైనికుల కళ్లకు చాక్లెట్ మెట్లలా కనిపించిందట, ఆ పేరే పెట్టారు. యుద్ధం అయ్యాక ఆ రోడ్డు మిగిలింది. అప్పటిదాకా ఊరు ఎక్కడ కట్టాలో ఊట చెప్పేది. తర్వాత రోడ్డు చెప్పడం మొదలుపెట్టింది. ఇది మనకు కొత్తా? హైవే పడ్డాక మన పాత ఊరు వదిలి రోడ్డు పక్కకు ఎంతమంది జరగలేదు?

ఇక 1948. జనవరి 4న బర్మాకు స్వతంత్రం. ఏడాది ముందు, 1947 ఫిబ్రవరి 12న, కొండజాతులు బర్మావాళ్లతో కలిసి స్వతంత్రం తెచ్చుకోవాలన్న పాంగ్‌లాంగ్ ఒప్పందంలో చిన్ పెద్దలు కూడా సంతకాలు చేసి ఉన్నారు. 1948 ఫిబ్రవరి 20న ఫలామ్‌లో సభ. 5,000 మంది ప్రతినిధులు కొండలు దిగి, కొండలెక్కి వచ్చారు. ప్రశ్న ఒకటే: దొరలు కావాలా, వద్దా? వద్దన్నారు. నేలతో మొదట ఒప్పందం చేసుకున్న వంశానిదే పెత్తనం అని ఇందాక చెప్పానే, తరాల నాటి ఆ హక్కును ఓటేసి తీసేశారు. మన దగ్గర సరిగ్గా అదే రోజుల్లో తెలంగాణలో దొరల గడీల ముందు ఏం జరుగుతోందో మీలో పెద్దవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి 20 వాళ్లకు జాతీయ దినం. ఏ రాజు పట్టాభిషేకమో, ఏ యుద్ధం గెలుపో కాదు, ఒక ఓటు రోజు. 1974లో చిన్ రాష్ట్రం అయింది.

ఇప్పటి సంగతికి వద్దాం. 2015 వానల్లో హాఖాలో కొండ జారింది. ఇళ్లు పోయాయి. రాష్ట్ర రాజధాని అది, అయినా ఏం చేశారు? కొంతమందికి వేరే చోట కొత్త పేట కట్టారు. ఊరు మళ్లీ జరిగిందన్నమాట.

2021 ఫిబ్రవరి 1న సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టింది. చిన్ కుర్రాళ్లు వేట తుపాకులు పట్టుకుని దక్షిణాన మిందాట్ పట్నంలో ఎదురు నిలిచారు. ఆ సెప్టెంబరులో థాంట్లాంగ్ తగలబడటం మొదలైంది. అక్టోబరు 29న ఒక్కరోజే 160కి పైగా ఇళ్లు కాలాయి. సుమారు 10,000 మంది ఉన్న పట్నం ఖాళీ అయింది. చాలామంది వాగు దాటి మిజోరాం వచ్చారు. మిజోరాంలో తలదాచుకున్నవాళ్లు 30,000 దాటారు. మిజోలు వాళ్లను పరాయివాళ్లు అనలేదు. చర్చిలు బియ్యం పోగుచేశాయి, ఇళ్లలో చోటిచ్చారు. ఎందుకు? మిజోలే కొన్ని తరాల కిందట ఆ చిన్ కొండల్లోని ఊళ్ల నుంచి సరిహద్దులోని తియావ్ నది దాటి వచ్చారు. వాళ్ల పాత బలి మంత్రాల్లో వదిలేసి వచ్చిన ఊళ్ల పేర్లు వరసగా వస్తాయి, ఆ ఊళ్లలోని శక్తులను ఒక్కొక్కటిగా పిలుస్తారు. మిజోరాంలో ఒక జోకు ఉంది: మిజోరాంలో అన్నిటికంటే పెద్ద చెరువు బర్మాలో ఉంది అని. రిహ్ చెరువు. చనిపోయినవాళ్ల ఆత్మలు అటుగానే పోతాయని నమ్మేవారు. జోఖాథర్ వంతెన దాటి నేనూ ఒకసారి పోయి చూసి వచ్చాను. బతికుండగానే.

టైమైందా? కార్యదర్శిగారు వచ్చారు, వాచీ చూస్తున్నారు. ఒక్క ఐదు నిమిషాలు.

ఊరు మారుతూ పోతే చరిత్ర ఎక్కడ ఉంటుంది? పేర్లలో. టెడిమ్ వైపు తాత పేరులో చివరి ముక్క మనవడి పేరులో మొదటి ముక్క అవుతుంది. ఇందాక కామ్ హావ్ అన్నాను. ఆ వంశంలో బ్రిటిష్ కాలపు దొర పేరు హావ్ చిన్ ఖుప్. పట్టుకున్నారా? హావ్. గొలుసు కొక్కెంలాగా. తండ్రి పేరు, తాత పేరు, అలా వెనక్కి లాగుతూ పోవచ్చు. మనకూ తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఉంది. దాన్ని మించి మనకు ఇంటిపేర్లు ఉన్నాయి. ఇక్కడున్నవాళ్లలో సగం మంది ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే. మీలో ఎంతమంది ఆ ఊరు చూశారు? చేతులెత్తండి. ఒకటి... రెండు... మూడు. అంతే.

టీ కొట్టు పెద్దాయన ఒకరోజు బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి చుక్కలు పెట్టారు. నాలుగు చుక్కలు. ఒక్కో చుక్క దగ్గర ఊరి పేరు, అక్కడ ఎవరు పుట్టారు, ఎవరు పోయారు. ముత్తాత అడవి కొట్టిన ఊరు. తాత తగాదాపడి వదిలేసిన ఊరు. రోడ్డు కోసం దిగివచ్చిన ఊరు. నాలుగోది ఆయన వదిలేసి వచ్చింది. ఐదో చుక్క పెట్టబోయి, వేలు ఆరిపోయిందేమో, బల్ల అంచున ఊరికే గుచ్చి వదిలేశారు. అది చంఫాయ్. తర్వాత నన్ను మళ్లీ అడిగారు, ఈసారి అర్థమయ్యేలా: "మీ ఊరు?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మాది శ్రీశైలం ముంపు ఊరు. డ్యాం నీళ్లు వచ్చినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. సెలవులకు ఇంటికి వస్తే ఇల్లు వేరేచోట ఉంది, అంతే. నష్టపరిహారం కోసం మా నాన్న ఒక ఆఫీసు చుట్టూ ఎన్నేళ్లు తిరిగారో, ఆ కాగితాలు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. అన్నీ తెలిసీ, ఊరు ఎన్నిసార్లు మారిందని ఆయన అడిగినప్పుడు నా నోట ట్రాన్స్‌ఫర్లే వచ్చాయి.

ఆ రాత్రి మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. "పెద్దమ్మా, మన పాత ఊరి బొడ్రాయి ఏం చేశారు?" అన్నాను. అర్ధరాత్రి ఫోన్ చేసి ఇదేం ప్రశ్నరా అని ముందు తిట్టింది. తర్వాత చెప్పింది. తవ్వి తెద్దామని మగవాళ్లు గడ్డపారలు పట్టుకుపోయారట. పూజారి అది కదపకూడదన్నాడట. వదిలేసి వచ్చి కొత్త ఊళ్లో కొత్తది పెట్టారు. "ఎండాకాలం నీళ్లు బాగా తగ్గితే కనపడుతుందంటారురా. మీ మామ ఒకసారి పోయి పసుపు కుంకుమ పెట్టొచ్చాడు. కాళ్లు మోకాళ్ల దాకా ఒండ్రులో దిగబడ్డాయంట."

పొద్దున టీ కొట్టులో ఆయనకు ఇది చెప్పడానికి నా మిజో సరిపోలేదు. బల్ల మీద టీతో ఒక చుక్క పెట్టి, దాని మీద ఇంకాస్త టీ పోశాను. ఆయన కాసేపు చూసి, కూతురిని పిలిచి ఇంకో రెండు గ్లాసులు పట్టుకురమ్మన్నారు.

సరే, ప్రశ్నలుంటే అడగండి. ఆ ఫ్యాన్ ఇప్పుడు ఆపొచ్చు.